కొసరు ఎటు పోయినది?



మా చిన్నతనమున, జీతము వచ్చిన శనివారము మా నాయనగారి వెంట రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టుకు పోవుట మాకు పండుగ. సంచి మోయుట మా పని. తూకము అయిన తరువాత కాయగూరలమ్మే ఆమె రెండు పచ్చిమిరపకాయలో, నాలుగు రెమ్మల కరివేపాకో సంచిలో పడవేసేది. దానినే కొసరు అనేవారు. ఆమె మరచినట్టు ఉంటే మా నాయనగారు సంచి నోరు మూయకుండా నిలబడేవారు, మాట మాత్రము ఆడేవారు కారు. ఆమె నవ్వి ఇంకొక మిరపకాయ వేసేది. అమ్మువాడు కొనువానికి ఇచ్చునది కొసరు. ఆ మాటకు మేము నేర్చుకొన్న అర్థము అదే.

ఇప్పుడును కొసరు ఉన్నది గాని దాని దిక్కు మారినది. కొనువాడే అమ్మువానికి కొసరు ఇచ్చుచున్నాడు. దానికి కొత్త పేర్లు వచ్చినవి. సౌకర్య రుసుము అని ఒకరు, ప్లాట్‌ఫారం ఫీజు అని ఒకరు, ప్యాకింగ్ అని, హ్యాండ్లింగ్ అని, సర్వీసు ఛార్జి అని మరికొందరు. పేరు ఏదైనను, వస్తువు ధర చెప్పి, మనము ఒప్పుకొని, జేబులో చెయ్యి పెట్టిన తరువాత వచ్చునది అదే. దీనిని గూర్చి మన సంఘముల వారితో కొంచెము ఆలోచించవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మా ఇంట జమాఖర్చుల పుస్తకము వ్రాయునది మా ఇంటామె. పెండ్లి అయిన నాటి నుండి ఆమె ఆ పుస్తకము మానలేదు. బియ్యము, నూనె, పాలు, కరెంటు, మందులు, కానుక, ఇట్లు గళ్లు ఉండును. చిట్టచివర "ఇతరములు" అని ఒక చిన్న గడి. పూర్వము ఆ గడిలో పోస్టు కార్డులు, సూదీ దారము, మంగలి కూలి వంటివి ఉండేవి. ఈ మధ్య ఒక నెల చివర ఆమె ఆ గడి మా ముందు పెట్టి, "ఏమండీ, ఇందులో తినేది గాని కట్టేది గాని ఒక్కటి చూపించండి" అన్నది.

మేము చూచినాము. ఇంటర్నెట్టులో రైలు టికెట్టు కొన్నందుకు 17 రూపాయల 70 పైసలు. ఏ.టి.ఎం.లో ఉచితముగా తీయదగిన సార్లు అయిపోయిన తరువాత ఒకసారి డబ్బు తీసినందుకు పన్నుతో కలిపి 27 రూపాయల 14 పైసలు. మనుమడు వచ్చిన దినమున తెప్పించిన భోజనము మీద మూడు పేర్లతో వేసిన రుసుములు 62. గ్యాసు తెచ్చిన కుర్రవానికి 50. మనుమని బడిలో సెల్‌ఫోన్ యాప్ నిమిత్తమని 150. డాక్టరు ఫీజు గాక ఫైలు ఛార్జి అని 100. అన్నీ కూడితే 406 రూపాయల 84 పైసలు. ఆ సొమ్ముతో మా ఇద్దరికి దినమునకు అర లీటరు చొప్పున రెండు వారములకు పైగా పాలు వచ్చును. మేము పాలు తాగలేదు, కొత్తబట్ట కట్టలేదు. అయినను డబ్బు పోయినది.

ముందుగా ఒక భేదము గుర్తింపవలెను. ధర పెరుగుట వేరు, ధర మీద మరియొక ధర ఎక్కుట వేరు. మా కోలారు జిల్లా టమాటాలకు పేరుపడినది. ఇక్కడి మార్కెట్టులో 15 కిలోల పెట్టె లెక్కన వేలము వేయుదురు. 2023 జూలైలో చిల్లర అంగళ్లలో కిలో టమాటా 100 రూపాయలు దాటినది. మేమందరము గొణిగినాము. అయితే అదే పెట్టెకు కోత కూలి సైతము రాని సంవత్సరములును మేము చూచినాము. రైతులు బండ్లకొలది కాయలను రోడ్డు ప్రక్కన పారబోసినారు. వానలు, తెగుళ్లు, డీజిలు, కూలి, వీటిని బట్టి ధర ఎక్కును, దిగును. అది కష్టమే గాని మోసము కాదు. పలక మీద వ్రాసిన ధర ఎంత పెద్దదైనను అది మన ముఖము చూచి మాటలాడుచున్నది. కొనవలెనా మానవలెనా అన్నది మన చేతిలో ఉన్నది.

రుసుము సంగతి అట్లు కాదు. ఎవరో ఒకరు ఒక గదిలో కూర్చుండి, ధర పెంచితే కొనువారు తగ్గుదురు గనుక ధరను అట్లే ఉంచి చివర కొంత కలుపుదమని నిర్ణయించినారు. అది వాన వలన రాలేదు, ఆలోచన వలన వచ్చినది. కావున దానిని నీతి తక్కెడలో తూచవచ్చును.

అట్లయితే ప్రతి రుసుమును అన్యాయమేనా? కాదు. రైల్వే వారి వెబ్‌సైటులో టికెట్టు కొన్నవారికి 2019 సెప్టెంబరు నుండి మరల సౌకర్య రుసుము పెట్టినారు. ఏసీ లేని తరగతికి 15, ఏసీ తరగతికి 30, దాని మీద జి.ఎస్.టి. యు.పి.ఐ. ద్వారా కట్టిన వారికి అది 10గాను 20గాను తగ్గించినారు. స్టేషనుకు పోయి కౌంటరు వద్ద నిలిచి కొన్నవారికి ఆ రుసుము లేదు. ఇందులో మాకు తప్పు కనబడదు. ఇంట కూర్చుండి కొన్నాము, బస్సు ఛార్జి మిగిలినది, వద్దనుకొంటే వేరే దారి ఉన్నది, ఎంతో ముందే తెలిసినది.

దీనిని బట్టి మేము మూడు ప్రశ్నలు పెట్టుకొన్నాము. బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పుదుము. మొదటిది, ముందే చెప్పినారా? రెండవది, వద్దనుటకు దారి ఉన్నదా? మూడవది, ఏ పని పేరు చెప్పి తీసికొన్నారో ఆ పని చేసిన మనిషికి అది చేరుచున్నదా? మూడింటికిని అవునని వస్తే అది కూలి. మూడింటికిని కాదని వస్తే అది దోపుడు. మిగిలినవన్నియు ఈ రెంటి నడుమ ఉన్నవి. మన పరీక్ష అక్కడనే ఉన్నది.

ప్రభుత్వము వారును ఈ సంగతి ఎరుగుదురు. ప్యాకెట్టు మీద అచ్చువేసిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నియు కలిసియున్నవి. అంగడివాడు "చల్లగా ఉంచినందుకు" అని దాని మీద రెండు రూపాయలు తీసికొనుట చట్టమునకు విరుద్ధము. హోటళ్లు బిల్లులో తమంతట తామే సర్వీసు ఛార్జి వేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న ఉత్తరువు ఇచ్చినది. హోటళ్ల సంఘములు ఢిల్లీ హైకోర్టుకు పోయినవి. 2025 మార్చి 28న ఆ కోర్టు ఉత్తరువు సరియైనదేనని తీర్పు చెప్పినది. అదే సంస్థ 2023 నవంబరు 30న మరియొక ఉత్తరువు వేసినది. మనము అడుగని వస్తువును మన బుట్టలో కలుపుట, ధరను చుక్కలు చుక్కలుగా చివర బయటపెట్టుట మొదలగు 13 విధములైన ఎత్తులను అందులో పేరు పేరున నిషేధించినారు.

కాని చట్టము వ్రాసినంతనే మన పని తీరలేదు. తీరలేదని మేము ఎట్లు నేర్చుకొన్నామో చెప్పుటకే ఇంతవరకు వచ్చినాము.

మా వీధికి వంటగ్యాసు సిలిండరు తెచ్చు మనిషికి మేము ఏండ్ల తరబడి బిల్లు గాక పైన కొంత ఇచ్చుచుంటిమి. మొదట పది, తరువాత ఇరువది, ముప్పది, చివరకు యాభై. బిల్లులోని ధరలోనే ఇంటికి చేర్చు ఖర్చు కలిసియున్నదని మాకు తెలియకపోలేదు. నిండు సిలిండరు బరువు దాదాపు 30 కిలోలు. అందులో గ్యాసు 14.2 కిలోలు, మిగిలినది ఇనుము. దానిని భుజము మీద పెట్టుకొని మెట్లెక్కు మనిషిని చూచి ఎవరు బేరమాడుదురు? అడుగకముందే మేము చిల్లర తీసి ఉంచేవారము. ఇచ్చి లోపలికి వచ్చి, మేము పిసినారులము కాము అను తృప్తితో కాఫీ తాగేవారము.

2025 ఏప్రిల్‌లో సిలిండరు ధర ఒక్కసారిగా 50 రూపాయలు పెరిగినది. వీధి వీధంతయు అదే మాట. ఆరాధన అయిన తరువాత గుడి మెట్ల మీదను అదే మాట. మేమును నాలుగు మాటలు అన్నాము. ఆ వారములోనే ఒక దినమున ఎదురింటి అక్కయ్య ఆటోలో సిలిండరు వేసికొని వచ్చుట చూచినాము. ఆమె భర్త ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేసినాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మన వారిలో అనేకుల వలెనే ఆయనయు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పోయి కాపలా పని చేసి, రాత్రికి ఇల్లు చేరేవాడు. ఆయన పోయి కొన్ని ఏండ్లు అయినది. ఆమెకు వచ్చునది వెయ్యి రూపాయల పింఛను. ఉద్యోగుల పింఛను పథకములో 2014 సెప్టెంబరు నుండి కనీసముగా నిర్ణయించిన మొత్తము అది. దానికి తోడు కొంచెము కుట్టుపని.

"ఇంటికి తేలేదా అక్కా?" అని అడిగినాము.

"అడిగినంత ఇయ్యలేను అయ్యవారూ. ఇయ్యకుంటే ఇల్లు తాళమేసి ఉండాదని రాసుకొని పోతాడు. రెండుసార్లు అట్లే అయింది. మీరందరూ ఇస్తా ఉండారు గదా, నేనొక్కదాన్నే ఇయ్యకుంటే ఎట్లా?" అన్నది. ఆటోకు 80 రూపాయలు అయినదట.

ఆమె మమ్మును నిందింపలేదు. మామూలుగా చెప్పి లోపలికి పోయినది. కాని "మీరందరూ ఇస్తా ఉండారు గదా" అన్న మాట మమ్మును ఆ రాత్రి నిద్రపోనీయలేదు. ఆ యాభై రూపాయల ధరను ఎవరు నిర్ణయించినారు? ప్రభుత్వము కాదు, ఆయిలు కంపెనీ కాదు. మేము. పది ఇచ్చిన దినమున పదిని, యాభై ఇచ్చిన దినమున యాభైని వాడుక చేసినది మా చెయ్యి. మాకు అది దయ. మా వెనుక నిలిచిన ఆమెకు అది పన్ను. ప్రభుత్వము 50 పెంచినందుకు మెట్ల మీద నిలిచి మాటలాడినాము. మేము పెంచిన 50ని గూర్చి ఒక్క మాటయు ఆడలేదు.

ఇక్కడ మన ఆలోచనలో సాధారణముగా జరుగు పొరపాటు ఒకటి ఉన్నది. "నా డబ్బు, నాకు ఇష్టమై ఇచ్చుకొన్నాను, దీనిలో ఎవరికి నష్టము?" అని అనుకొందుము. ఖర్చు చేయుట సొంత విషయమని మన నమ్మకము. అయితే బజారులో ఒంటరి కొనుగోలు అనునది లేదు. మనము మారుమాటలేక కట్టిన ప్రతి రుసుమును రేపటికి వాడుక అగును. ఆ వాడుకను తట్టుకోలేని వారు వరుసలో మన వెనుక ఉన్నారు. వారు అడిగితే ఎవరును వినరు, "అందరు ఇచ్చుచున్నారు గదా" అందురు. అడుగగల నోరు, పట్టింపులేని జేబు, రెండును మన వద్దనే ఉన్నవి. కావున "ఈ రుసుము ఎందుకు?" అని అడుగుట మన పైసల కొరకు కాదు. అడుగలేని వారి కొరకు.

అట్లని మరుసటి నెల మేము తలుపు వద్ద నిలిచి, "చట్టము ప్రకారము పైసా ఇయ్యము" అని అనవచ్చునా? ఒకనాడు అన్నంత పని చేసినాము. ఆ మనిషి సిలిండరు దించి, చెమట తుడుచుకొని, నిదానముగా చెప్పినాడు: "సార్, దినానికి ముప్పై నలభై సిలిండర్లు ఎత్తతాను. నాకు జీతమని ఏమీ లేదు, సిలిండరుకింత అని ఇస్తారు. బండికి పెట్రోలు పోతే ఆ దుడ్డులో ఏం మిగుల్తాది?" 

అతడు చెప్పినది మేము లెక్క చూచి తేల్చలేము. కాని అబద్ధమని అనుటకు మాకు కారణమును లేదు. అప్పుడు సంగతి తేటపడినది. ఇంటికి చేర్చు ఖర్చు ధరలోనే ఉన్నది, మనము ముందే కట్టితిమి. మోసిన భుజమునకు అది పూర్తిగా చేరుటలేదు. చేరవలసిన కూలిని చేర్చక, "పోయి ఇండ్ల వద్ద అడుగుకో" అని విడిచినారు. యజమాని ఇయ్యవలసిన జీతమును ఈ లోటు దారి గుండా మన దయ మీదికి త్రోసినారు. హోటలులోని సర్వీసు ఛార్జి కథయు ఇదే. వడ్డించు కుర్రవాని పేరు చెప్పి తీసికొందురు. వానికి ఎంత చేరినదో అడిగినవారు అరుదు. బీదవాని పేరున వసూలు చేసి, బీదవాని మీదనే మనకు కోపము పుట్టించు పద్ధతి ఇది.

మేమును మరి మూడు ఇండ్లవారును కలిసి ఏజెన్సీ ఆఫీసుకు పోయినాము. రెండే అడిగినాము. ధరలో ఇంటికి చేర్చు ఖర్చు కలిసియున్నదని అందరికి కనబడునట్లు వ్రాసిపెట్టుడి. గోడౌనుకు వచ్చి తామే తీసికొనిపోవు వారికి నియమము ప్రకారము రావలసిన తగ్గింపును అడుగకయే ఇయ్యుడి. ఎదురింటి అక్కయ్య ఆటోకు 80 పెట్టినది గాక ఆ తగ్గింపును కూడ పోగొట్టుకొన్నది. అట్టిది ఒకటి ఉన్నదని ఆమెకు ఎవరును చెప్పలేదు. మేనేజరు మర్యాదగా విన్నాడు. వారము తరువాత గోడకు ఒక కాగితము అంటించినారు.

సిలిండరు మోయు మనిషితోను మాటలాడినాము. తలుపు వద్ద ఎవరిని అడుగవద్దు, ఇయ్యగల మేము పండుగకు కవరులో పెట్టి ఇత్తుము అన్నాము. "పండగ దినం ఒక్కటే తింటామా సార్?" అన్నాడు. ఆ మాటకు మా వద్ద జవాబు లేకపోయినది. చివరకు మా నాలుగు ఇండ్లు ప్రతి నెల మొదటి వారములో, సిలిండరు వచ్చినను రాకున్నను, అతనికి కొంత ఇచ్చుటకు ఒప్పుకొన్నాము. దీనితో ఏజెన్సీ ఇయ్యవలసిన కూలిని ఇంకను మేమే ఇచ్చుచున్నాము, అది పూర్తి న్యాయము కాదు. కాని యాభై రూపాయలకును ఎదురింటి గ్యాసు పొయ్యికిని ఉన్న ముడి తెగినది. అక్కయ్యకు రెండుసార్లు సిలిండరు ఇంటికే వచ్చినది. మూడవసారి వేరొక కుర్రవాడు వచ్చి మరల అడిగినాడట. మరల పోయి చెప్పవలెను.

ఇంతవరకు కంపెనీలను, ఏజెన్సీలను గూర్చి మాటలాడినాము. ఇప్పుడు మన సొంత సంచి విప్పి చూతము.

ద్వితీయోపదేశకాండములో, పెద్దదియు చిన్నదియునైన రెండు తూనికరాళ్లు ఒకే సంచిలో ఉంచుకొనకూడదను ఆజ్ఞ ఉన్నదని మన వారికి చెప్పనక్కరలేదు. అది అంగడివానికి చెప్పినదని అనుకొందుము. కాని కొనువాని సంచిలోను రెండు రాళ్లు ఉండవచ్చును. ఉదయము తలమీద గంపతో ఆకుకూర తెచ్చిన అవ్వ కట్ట 15 అంటే, "మూడు కట్టలు 40కి ఇస్తావా లేదా?" అని గేటు వేయబోవుదుము. ఐదు రూపాయలు మిగిలినందుకు ఇంటిలో చెప్పుకొందుము. అదే సాయంత్రము సెల్‌ఫోనులో మూడు పేర్లతో 62 రూపాయలు కలిపినను మనకు చురుక్కుమనదు. ముఖము కనబడు బీదవారితో బేరము, ముఖము కనబడని పెద్దవారికి మౌనము. అవ్వ మాత్రము తన ధరను ముందే, మన ముఖము చూచి, ఉన్నది ఉన్నట్లు చెప్పినది. మన మూడు ప్రశ్నలలో మూడింటిని ఆమెయే నెగ్గినది. ఆమె వద్దనే మనము గట్టివారమైతిమి.

మరియొక మాట. ఇది మన సంఘములకు సంబంధించినది గనుక జాగ్రత్తగా వ్రాయుచున్నాము. మన గుడిలో పెండ్లి చేసికొనగోరి ఒక కుటుంబము వచ్చునప్పుడు మనము చెప్పు మొత్తము ఒకటి. పెండ్లి దగ్గరపడిన తరువాత మైకుకు ఇంత, జనరేటరుకు ఇంత, కుర్చీలకు ఇంత, ఊడ్చినందుకు ఇంత అని చెప్పునది మరియొకటి. పత్రికలు పంచినారు, చుట్టములు సోలాపూరు నుండి, నెల్లూరు నుండి బయలుదేరినారు. ఇక ఆ తండ్రి వద్దనగలడా? మేము పెద్దలుగా కూర్చున్న సంవత్సరములలో మా వద్దను ఇట్లు జరిగినది. ఆడపిల్ల తండ్రి ఒకడు మా ముందు నిలిచి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, తక్కువైన దానిని ప్రక్కవాని వద్ద అప్పు తీసికొని ఇచ్చుట మేము చూచితిమి. రసీదు వ్రాసినది మేమే. మొత్తము సరిపోయినదని ఆనాడు తృప్తిపడితిమి. చివర చుక్కలు చుక్కలుగా ధర చెప్పు ఎత్తును ప్రభుత్వము 2023లో నిషేధించినదని చదివినప్పుడు మాకు మొదట గుర్తుకు వచ్చినది ఏ కంపెనీయు కాదు, ఆ తండ్రి చేతులు.

కరెంటుకు, ఊడ్చు మనిషికి డబ్బు కావలెను, కాదనము. అయితే ఒక్క కాగితము మీద, మొదటి దినముననే, అన్నీ కలిపిన మొత్తము వ్రాసి ఇయ్యవచ్చును. వార్షిక కూటములకు నమోదు రుసుము ఒకటి, భోజనపు టోకెను ఒకటి, పుస్తకమునకు ఒకటి అనక ఒకే మాట చెప్పవచ్చును. ఇయ్యలేని వారు ఎవరిని, ఎక్కడ, నలుగురిలో సిగ్గుపడకుండ అడుగవలెనో కూడ ఆ కాగితములోనే వ్రాయవచ్చును.

ఇక మన యౌవనస్థులకు ఒకటి రెండు మాటలు. మీరు మాకంటె తెలివిగలవారు, లెక్కలు వేగముగా చేయుదురు. అయినను ఒక చోట పొరబడుట చూచినాము. మా ఇంటనే, 30 రూపాయల డెలివరీ ఛార్జి తప్పించుకొనుటకు 110 రూపాయల బిస్కట్లు కలిపినారు. 30 మిగిల్చినామన్నారు. మిగిలినది ఎక్కడ? అక్కరలేని దానికి 110 పోయినది. 30 ఇచ్చి ఊరుకొన్నను 80 మిగులును. "ఉచితము" అను మాట చెవిన పడినప్పుడు కూడిక తీసివేతలు మరచుట మనిషి స్వభావము. దానిని ఎరిగిన వారే ఆ పలకలు వ్రాయుదురు. వాయిదాల మీద "వడ్డీ లేదు" అన్నను అంతే. వడ్డీ సున్నా అను మాటయే లేనిదని, అది వేరొక చోట కలిసి ఉండునని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పినది. ఇతర బ్యాంకు ఏ.టి.ఎం.ను ఉచిత పరిమితి దాటి వాడినందుకు 2025 మే 1 నుండి ఒక్కొక్కసారికి 23 రూపాయల వరకు, దాని మీద పన్ను తీసికొనుటకు అనుమతి ఉన్నది. సొంత బ్యాంకులో నెలకు ఐదుసార్లు ఉచితము. అయిదువందలు అయిదువందలుగా ఆరుసార్లు తీయువాడు ఆరవసారికి తన మరపునకు రుసుము కట్టును.

ప్యాకెట్టు ధర మారక లోపలి బరువు తగ్గుటయు ఒక విధమైన రుసుమే. 2021లో సవరించిన నియమముల ప్రకారము చాల ప్యాకెట్ల మీద గ్రాముకు గాని కిలోకు గాని ధర ఎంతో వేరుగా అచ్చువేయవలెను. అక్షరములు చిన్నవి, కండ్లద్దాలు పెట్టుకొని చదువుడి. అన్యాయముగా కలిపిన రుసుము కనబడితే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనులో 5 లక్షల వరకు విలువగల ఫిర్యాదుకు దాఖలు రుసుము లేదు. బిల్లు దాచుకొనుట మాత్రము మరువకుడి.

కొందరు అనవచ్చును, "పది ఇరువది రూపాయలకు ఇంత ఆలోచనయా? పెద్ద వయస్సున ఈ లెక్కలు ఏల?" అని. పది రూపాయలు చిన్నవే. కాని ఎవరి ఇంటి ఎదుట చిన్నవి? మా ఇంటి 50కిని ఎదురింటి 50కిని మధ్య ఒక వీధి వెడల్పు మాత్రమే ఉన్నది. ఆ వీధి దాటి చూడకయే మేము ఇన్ని ఏండ్లు ఉదారులమని అనుకొన్నాము.

కావున ఈ నెల ఒక పని చేయుదము. ఇంటి లెక్కలో "ఇతరములు" అను గడిని తీసి, ఒక్కొక్కటికి ఆ మూడు ప్రశ్నలు వేయుదము. దోపుడు అని తేలిన దానిని అడుగుదము. కూలి అని తేలిన దానిని సంతోషముతో ఇత్తుము. రాబోవు కూటములో పెద్దలు కూర్చున్నప్పుడు గుడి రుసుముల పట్టికను ఒక్క కాగితము మీదికి తెత్తుము. ఆకుకూరల అవ్వ రేపు ఉదయము వచ్చినప్పుడు ఆమె చెప్పిన ధరయే ఇచ్చి చూతము. ఆమె మరచిపోక రెండు రెమ్మల కరివేపాకు వేసినను వేయును.

— ఒక సంఘ పెద్ద,
కోలారు గోల్డ్ ఫీల్డ్స్